పందుల గ్యాసుకు లక్క ముద్ర

కేసముద్రం,
మే నెల, 1988.

జిల్లా గ్రామీణ వంటగ్యాసు ప్రదర్శన పథకం ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,

కేసముద్రం మార్కెట్ యార్డు వెనక వీధిలో భోజనశాల నడుపుకొను గందె కస్తూరి, భర్త కీర్తిశేషులు వెంకటేశం, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: సీమపందుల కొట్టం నుండి నా వంటింటికి వచ్చు గ్యాసు పైపును తమ కింది అధికారి కోసి, కుళాయికి లక్క ముద్ర వేసినందున, సదరు గ్యాసు పొయ్యిలో కాలక ఊరి మీదికి, ఆకాశం మీదికి పోవుచున్నది, నా ఊపిరి కూడా దాని వెంబడే పోవునట్లున్నది, వానలు పడక ముందే పైపు తిరిగి కలిపించుట గురించి.

అయ్యా,

పై విషయమై తమ సముఖమునకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా, ఇది నా మూడో అర్జీ. వినయం మొదటి రెండింటితోనే అయిపోయింది. వాటికి "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని జవాబు వచ్చింది. ఎవరికి పంపారని విచారిస్తే, పైపు కోసిన అధికారికే పంపారట. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టుంది తమ పాలన. ఆయన ఆ రెండు కాగితాలు జేబులో పెట్టుకుని నా భోజనశాలకే వచ్చాడు. బల్ల తడిగా ఉందని వాటిని పరచి, పైన విస్తరి వేయించుకున్నాడు. నా గోడు మీద నా పప్పే పోసుకు తిన్నాడు. ఈ మూడో అర్జీని కూడా ఆయనకే పంపేటట్లయితే కాస్త దళసరి కాగితం మీద రాయమని ముందే చెప్పండి.

ఇక ఫిర్యాదులు. చదువుకున్న వాళ్లకు అంకెలు వేస్తే తప్ప బుర్రకెక్కదంటారు కాబట్టి వేస్తున్నాను.

1. నా భోజనశాల అరవైతొమ్మిది ఉద్యమం నాడు మొదలైంది. రైళ్లు ఆగిపోయి కేసముద్రం స్టేషన్లో చిక్కుకున్న వాళ్లకు నా పెనిమిటి పప్పూ అన్నం వండి పెట్టాడు. తర్వాత రైళ్లు కదిలాయి గాని మా పొయ్యి ఆరలేదు. ఆయన పోయాక నేను, నాకు తోడు గట్టమ్మ, ఇద్దరమే నడుపుతున్నాం. యార్డు హమాలీలు, పత్తి కొనే సేట్లు, పాలకుర్తి దిక్కు నుంచి లారీల మీద వచ్చేవాళ్లు, తమ శాఖ జీపుల వాళ్లు, అందరూ నా దగ్గరే తింటారు. శాకాహారం తప్ప ఇంకొకటి నా గడప తొక్కలేదు.

ఇన్నేళ్లూ వండింది ఊక పొయ్యి మీద. ఊక పొయ్యి అంటే ఏమిటో తమకు తెలియదు కాబట్టి చెబుతాను. డబ్బాలో రైసుమిల్లు ఊక దట్టించి, నడుమ బొక్క వదిలి వెలిగిస్తారు. ఎండాకాలం మండుతుంది. వానాకాలం ఊక మెత్తబడితే మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగలో నేను ముసలిదాన్నయ్యాను. మూడేళ్ల కింద మానుకోట దవాఖానలో డాక్టరు నా వీపు మీద గొట్టం పెట్టి విని చెప్పాడు:

"అమ్మా, లోపల పిల్లి కూర్చున్నట్టు గురగుర అంటున్నది. ఇంకొక్క రెండు వానకాలాలు గీ పొగల ఉన్నవంటే ఊపిరి ఆడదు. పొయ్యి మార్చు, లేకపోతే పొయ్యి మాను."

పొయ్యి మానితే తిండి మానినట్టే అని ఆయనకు తెలియదు. ఆయన జీతం ఆయనకు పొగ లేకుండానే వస్తుంది.

2. పొయ్యి మారింది తమ పుణ్యమే. కాదనను. మా వంటింటి వెనక సారయ్య ఉంటాడు. తాతల నాటి నుంచి పందులు సాకుకునే ఎరుకల కుటుంబం. ఆ నల్ల పందులు ఊరంతా తిరిగి తమ తిండి తామే చూసుకునేవి, సర్కారును ఏమీ అడిగేవి కావు. అది తమ శాఖకు నచ్చలేదు. సీమపందులు తెచ్చారు. తెల్లటివి, ఎండ తగిలితే ఒళ్లు కాలేవి, బయటికి వదిలితే జ్వరం తెచ్చుకునేవి. అచ్చం తమ ఆఫీసర్ల లాంటివి. వాటికి నాలుగు గోడలు, సిమెంటు గచ్చు, రేకుల కప్పు కట్టించారు. తిండి, నిద్ర, పెంట, అన్నీ అందులోనే. గచ్చు కడిగితే పెంట గోతిలోకి, గోతి మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము, డ్రమ్ము నిండా గ్యాసు. సారయ్య ఇంటి పొయ్యికి పోను మిగిలిన గ్యాసును నా వంటింటికి పైపు వేసి ఇచ్చారు. దానికి "ప్రదర్శన" అని పేరు పెట్టారు.

తీరా ప్రారంభోత్సవం ముందు రోజు ఎవరో కాగితం చూసి గుండె బాదుకున్నారు. పథకంలో ఆవు ఉందట, బర్రె ఉందట, పంది లేదట. బుద్ధి ఉన్నవాడెవడైనా పంది అని ఇంకో మాట రాయించుకుంటాడు. తమ వాళ్లు ఏం చేశారో చిత్తగించండి. పందులన్నింటినీ సారయ్య ఉండే గుడిసెలోకి తోలారు. పప్పుమిల్లు వీరేశం గారి దొడ్డి నుంచి బర్రెలను తెచ్చి కొట్టంలో కట్టేశారు. కొమ్ములకు పూలు చుట్టారు. ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను కూడా ఉన్నాను. గుడిసెలో పంది అరిచినప్పుడల్లా వేదిక మీది అధికారులు ఒకేసారి దగ్గేవారు. నిజం దగ్గు గల దాన్ని నేనొక్కదాన్నే, నేను మాత్రం దగ్గలేదు. తర్వాత నా గోడ మీద ఆవు బొమ్మ గీయించి "గోబర్ గ్యాసు పొయ్యి" అని రాయించి పోయారు. ఆ సాయంత్రం సారయ్య వచ్చి గోడవతల నిలబడి అడిగాడు:

"సావుకారమ్మా, నా పందులకు బర్రెలని పేరు పెట్టి పోయిన్రు. రేపు వచ్చి పాలేవిరా అంటే ఎట్ల?"

నాకు అన్నీ తెలుసు. ఎవరికీ దాచలేదు. అడిగితే చెప్పేదాన్ని. తిన్నవాడు ఉప్పు సరిపోయిందా అని చూస్తాడు గాని పొయ్యిలోకి తొంగి చూడడు.

మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. అన్నం వార్చగానే తొలి మెతుకు నేతిలో ముంచి పొయ్యికి వేస్తాం. అగ్ని తిన్నాకే మనుషులు. ఆ కొత్త పొయ్యి వెలిగించిన రోజు, పందుల గ్యాసును అగ్ని ఒప్పుకుంటుందా అని అనుమానం వచ్చింది. నీలం మంట మీద మెతుకు వేశాను. చిటపటమంది, కాస్త ఎర్రబడింది, మళ్లీ నీలమైంది. నిప్పుకు చెదలు పట్టదంటారు. అగ్ని కాదనలేదు కదా అని వంట మొదలుపెట్టాను. తమ కింది అధికారి అగ్నికంటే పెద్దవాడని నాకప్పుడు తెలియదు.

రెండు వానాకాలాలు పొగ లేకుండా గడిచాయి. నేను మెట్లు ఎక్కగలిగాను. రాత్రి పడుకుని నిద్రపోగలిగాను. ఇది తమకు చిన్న సంగతి.

3. మొన్న మార్చిలో హైదరాబాదు నుంచి తమ శాఖ పెద్ద ఒకాయన తనిఖీకి వచ్చాడు. నా దగ్గరే భోజనం. పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. చేయి కడుక్కుని, "ఇంత మంచి మంట ఇచ్చే బర్రెలను ఒకసారి చూడాలి" అన్నాడు. పక్కన విస్తరణాధికారి సోమేశ్వర్ గారున్నాడు. ఆయన కొత్తగా వచ్చినవాడు, ఆరు నెలలుగా రెండు పూటలా నా దగ్గర తింటున్నవాడు. ఈ ఆరు నెలల్లో కొట్టం వైపు ఒక్కసారి పోయి ఉంటే తెలిసేది. ఆయన చూసింది ఆఫీసులో గోడకున్న ఫొటో మాత్రమే. దాన్నే నమ్ముకుని పెద్దాయనను ఠీవిగా తీసుకెళ్లి తలుపు తెరిపించాడు.

"బర్రెలేవీ?" అన్నాడు హైదరాబాదు పెద్దాయన.

"సార్, గివే," అన్నాడు సారయ్య.

పెద్దాయన గోడ పట్టుకుని తిన్నదంతా అక్కడే కక్కేశాడు. మూడుసార్లు వేయించుకున్న పప్పు.

మరుసటి రోజు పొద్దున సోమేశ్వర్ గారు రంపం, లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర పట్టుకుని వచ్చాడు. పైపును నడుమ కోశాడు. కోసిన ముక్కను సాక్ష్యం కింద గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు. డ్రమ్ము దగ్గరి కుళాయి కట్టేసి, గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర కొట్టాడు. గట్టమ్మ అడ్డం నిలబడి అడిగింది.

"ఆర్నెల్లు గిదే పొయ్యి మీది కూడు తిన్నరు గద సారూ. గదెట్ల?"

"అది తెలియక తిన్నది. తెలిశాక తినరాదు."

"గట్లయితే తెల్వనట్టే ఉండుండ్రి. ఇన్నొద్దులు ఉన్నరు గద."

ఆయన రంపం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవారి గురించి విన్నాను గాని, తిన్నింటి పైపు కోసుకుపోయినవాణ్ణి మాత్రం తమ శాఖలోనే చూశాను. ఆ మధ్యాహ్నం ఆయన మళ్లీ భోజనానికి వచ్చాడని కూడా మనవి. ఊక పొయ్యి అంటించారా, ఇప్పుడు శుద్ధమేనా అని అడిగి మరీ కూర్చున్నాడు.

4. కుళాయికి ముద్ర వేశారు సరే, పందులకు ఉత్తర్వు నకలు అందలేదు. అవి ఎప్పటిలాగే తింటున్నాయి, ఎప్పటిలాగే పెంట వేస్తున్నాయి. గోతిలో గ్యాసు పుడుతూనే ఉంది. దారి లేక డ్రమ్మును పైకి లేపి, అంచుల చుట్టూ బుడబుడమని బయటికి వస్తోంది. కాలినన్నాళ్లు నా వంటింట్లో వాసనే లేదు. ఇప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వీధంతా. శాకాహార భోజనశాలలో కూర్చున్నవాడికి కోడిగుడ్డు వాసన ఉచితంగా అందించే పథకం తమ శాఖకే చెల్లింది. కొట్టం కడగబోయిన సారయ్య భార్య కళ్లు తిరిగి గచ్చు మీద పడింది. తలుపు దగ్గర పడింది కాబట్టి లాగగలిగారు.

హమాలీ భీమ్లా అన్నం తిని గోడ వెనక్కి పోయి బీడీ ముట్టించబోయాడు. భగ్గుమంది. మనిషికేమీ కాలేదు, ఒకవైపు మీసం పోయింది. "అవ్వా, బీడీ ఇంక నోట్లనే ఉన్నది. అగ్గిపుల్ల గీసిన, గాలే అంటుకున్నది" అని మూతి తడుముకుంటూ వచ్చి చెప్పాడు. తమ సోమేశ్వర్ గారికి కబురు పెట్టాము. ఆయన వెంటనే చర్య తీసుకున్నాడు. గోడ మీది ఆవు బొమ్మ కింద "ఇచ్చట బీడీ త్రాగరాదు" అని రాయించాడు. ఇప్పుడు అది చూసిన వాళ్లంతా ఆ మాట ఆవుకు చెప్పారేమో అనుకుంటున్నారు.

5. ఊపిరి పోతోందంటే తమ కంటికి ఆనదు, మీసం పోయిందంటే ఆనదు. పెద్ద వాళ్లకు పెద్ద విషయాలు కావాలి కాబట్టి ఆకాశం సంగతి చెబుతాను. మానుకోటలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే రవీందర్ సారు యార్డు పని మీద వచ్చినప్పుడు నా దగ్గర తింటాడు. పందుల సంగతి తెలిసినా లేచిపోని మనిషి ఆయనొక్కడే. అయితే వాగుడు ఎక్కువ. అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పాడు:

"అమ్మా, గీ గ్యాసు కాలిపోతే పీడ పోయినట్టే. కాలకుండ పైకి పోతే మాత్రం భూమ్మీది వేడిని బయటికి పోనియ్యదు. గోడల మధ్యన వందల పందులు సాకే దేశాలున్నయి. ఇసొంటి గోతులన్ని కలిసి ముందు ముందు ఎండలను ముదరబెడ్తయంటున్నరు."

"అంటే అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టా?" అని అడిగాను.

"గంతే."

మూత పెడితే గిన్నె పొంగుతుందని నాకు ఎవరూ కాలేజీలో చెప్పనక్కర్లేదు. ఆయన చెప్పింది ఎంత నిజమో, ఎన్నేళ్లకు నిజమో నాకు తెలియదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట తెలుసు. మీ ముద్ర పుణ్యాన ఇంకా ఎండలు ముదిరితే పగలడానికి ఊళ్లో రోళ్లు మిగలవు. నా పొయ్యిలో పప్పు ఉడికించి పోయే గ్యాసును ఊరికే ఆకాశానికి ఎక్కించి, అక్కడ మూత పెట్టిస్తున్న ఘనత ఎవరిదో, గోడ మీది బర్రెల ఫొటో పక్కనే వాళ్లది కూడా ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

6. మైల సంగతి. తనిఖీ జరిగిన రాత్రికి రాత్రే, పైపు కోయించాలని మార్కెట్ వర్తకుల తరఫున సంతకాలు పెట్టించింది పైన చెప్పిన వీరేశం గారే. బర్రెలను అద్దెకిచ్చి ఫొటో తీయించుకున్న వీరేశం గారే. ఇంటికి వచ్చి చెప్పాడు:

"కస్తూరమ్మా, మన కులం పరువు మంట గలిసింది. పంది మంట మీద వండి మాకు పెట్టినవు."

"వీరేశమన్నా, నీ పసుపు తోటకు ఏటేటా సారయ్య బండ్ల మీద తోలే ఎరువు ఏ జంతువుది?"

"గది వేరే. పసుపు మట్టిలకెల్లి వస్తది."

"గ్యాసు గూడ గోతిలకెల్లే వస్తది."

ఆ పసుపునే ఊరి ఆడవాళ్లం ముద్ద చేసి, గౌరమ్మను నిలిపి, బతుకమ్మ మీద పెట్టి మొక్కుతున్నాం. గౌరమ్మ ఏనాడూ వీరేశం గారి పసుపు వద్దని లేచిపోలేదు. పసుపుకు లేని మైల నిప్పుకు ఎట్లా వచ్చిందో తమ శాఖలో ఎవరికైనా తెలిస్తే రాతపూర్వకంగా తెలియజేయగలరు. పసుపు తోటకు కూడా లక్క ముద్ర వేస్తారా? వేయరు. అక్కడ వీరేశం గారి లాభం ఉంది. ఇక్కడ నా ఊపిరి తప్ప ఏమీ లేదు.

7. ఇది ఫిర్యాదు కాదు, అయినా అంకె వేశాను. మార్చి నుంచి మళ్లీ ఊక పొయ్యి. గురగుర తిరిగి వచ్చింది. ఈ అర్జీ ఒక్కసారి కూర్చుని రాసింది కాదు. నాలుగు మాటలు రాసి గోడకు ఆనుకుని, మళ్లీ రాశాను. ఇప్పుడు ఎండాకాలం కాబట్టి ఇట్లా ఉంది. వానలు పడి ఊక తడిస్తే ఏమవుతుందో డాక్టరు ముందే చెప్పాడు. నాకు భయంగా ఉంది. తమలాంటి వారి ముందు ఈ మాట రాయడానికి సిగ్గుగా కూడా ఉంది. రాయకపోతే నేను కోపానికే రాశాననుకుంటారు.

పైగా తమరు ఈ నెలాఖరులో కేసముద్రం క్యాంపు వస్తున్నారని, తమకూ తమ సిబ్బందికీ భోజనాలు నా దగ్గరేనని సోమేశ్వర్ గారు పురమాయించి పోయాడు. ఏ పొయ్యి మీద వండాలో తమరే సెలవివ్వండి. ఊక మీద వండితే నేను పడిపోతాను. పందుల గ్యాసు మీద వండితే తమరు పడిపోతారు. ఇద్దరిలో ఎవరు పడాలన్నది తమ శాఖ తేల్చవలసిన విషయం.

కాబట్టి ప్రార్థించుకొనునది:

(అ) కోసిన పైపు ముక్క సాక్ష్యంగా ఆఫీసులో ఉన్నది. సాక్ష్యం చెప్పడం అయిపోయి ఉంటే దాన్ని తిరిగి ఇప్పించవలెను.

(ఆ) ముద్ర తీయించవలెను.

(ఇ) పథకంలో పంది అను మాట చేర్చుటకు తమకు అధికారం లేకపోతే, సారయ్య పందులను బర్రెలుగానే భావించుకొనుటకు అనుమతి ఇవ్వవలెను. ఇదివరకు భావించుకున్నారు కనుక కష్టమేమీ ఉండదు.

తమకు చిత్తమంటూ ఒకటి మిగిలి ఉన్నచో, వానలు పడక ముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు అని రాయకపోతే అర్జీ చెల్లదంటారు కాబట్టి,
తమ విధేయురాలు,
గందె కస్తూరి

తా.క. అధికారే స్వయంగా వస్తుంటే తపాలా బిళ్ల దండగ అని గట్టమ్మ అనడంతో దీన్ని పంపకుండా ఉంచాను. తమరు నిన్న వచ్చిపోయారు. చేతికిద్దామంటే తమ చుట్టూ మనుషులు సందివ్వలేదు. కాబట్టి జరిగింది కూడా ఇక్కడే రాసి, తపాలాలో పంపుతున్నాను.

మొన్న మధ్యాహ్నం రోహిణి ఎండకు ఇనుప డ్రమ్ము కాలి, కుళాయి కాలి, దాని మీది లక్క ముద్ర తానే కరిగి కారిపోయింది. ఎవరూ తీయలేదు. సూర్యుడి మీద చర్య తీసుకునే అధికారం తమ శాఖకు ఉంటే తీసుకోండి. సారయ్య చూసి, "సావుకారమ్మా, సర్కారు ముద్ర సర్కారు ఎండకే పోయింది. ఇగ మనదేం తప్పున్నది?" అని, కోసిన చోట ట్రాక్టరు ట్యూబు ముక్క తొడిగి తీగతో బిగించి, కుళాయి తిప్పాడు.

నిన్న తమ భోజనాలు ఆ మంట మీదే అయ్యాయి. మామిడికాయ పప్పు, దోసకాయ కూర, పచ్చి పులుసు. తమరు పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నారు. వేయించుకుని సోమేశ్వర్ గారితో, "చూశారా, ఊక పొయ్యి మీద వండినా పొగ వాసన కూడా లేదు, ఎంత శుద్ధంగా ఉందో" అన్నారు. ఆయన అప్పుడే చేయి కడుక్కోవడానికి వెనక్కి పోయి, ట్రాక్టరు ట్యూబు చూసి వచ్చాడు. నా మొహం చూశాడు. తెల్వనట్టే ఉండమని గట్టమ్మ చెప్పిన మాట జ్ఞాపకం వచ్చిందేమో, నోరు మూసుకుని విస్తరి ముందు కూర్చున్నాడు.

అంత మందికి వండినా నిన్న నేను ఒక్కసారి కూడా దగ్గలేదు. తొలి మెతుకు ఎప్పటిలాగే పొయ్యికే వేశాను. తమకు వడ్డించింది ఆ తర్వాతే.

ట్యూబు ఇంకా అక్కడే ఉంది. కోయదలిస్తే ఈసారి కింది వాళ్లను పంపక తమరే రండి. భోజనం వేళకు ముందే రండి. తిని కోసే పని తమ శాఖ ఇదివరకే ఒకసారి చేసింది.